చివర కత్తిరించిన వీడియో

చిన్నాకి, చిన్నా దోస్తులందరికీ తాత ఆశీస్సులు.

మొన్న ఆదివారం మన ఇంటి గ్రూపులో నువ్వు పెట్టిన వీడియో చూశానురా. “వాళ్ల బండ్ల మీద పండ్లు కొనకండి, ఉమ్మి పూసి అమ్ముతున్నారు” అని పైన రాసి ఉంది. మీ అమ్మ బొటనవేలు పెట్టింది, పెదనాన్న దండం పెట్టాడు. నేనేమీ పెట్టలేదు. ఫోన్‌లో చెబితే “సరే తాతా” అని పెట్టేస్తావని తెలిసి, ఇలా కాగితం మీద రాస్తున్నాను.

ముందు నా సంగతి విను. 2018 మే నెలలో నాకూ ఒక వీడియో వచ్చింది. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. మోటారు సైకిల్ మీద ఇద్దరు వచ్చి ఒక పిల్లవాణ్ణి లటుక్కున ఎత్తుకుని పోతారు. అంతటితో అయిపోతుంది. కింద తెలుగులో: “ముఠా మన జిల్లాలో దిగింది. మన భాష రాదు. పిల్లలు జాగ్రత్త.” అప్పటికి నువ్వు మరీ చిన్నోడివి. నా గుండె ఝల్లుమంది. ఏడు గ్రూపులకు పంపించాను. పంపాక, ఊరికి మేలు చేసినవాడిలా కడుపునిండా అన్నం తిని పడుకున్నాను కూడా.

ఆ వీడియో అసలు మన దేశానిదే కాదని తర్వాత తెలిసింది. కరాచీలో రోష్నీ హెల్ప్‌లైన్ అనే సంస్థ తల్లిదండ్రులను హెచ్చరించడానికి 2016లో తీయించిన ప్రకటన అది. పూర్తి వీడియోలో ఆ బండి వెనక్కి వస్తుంది. పిల్లవాణ్ణి దింపుతారు. కరాచీ వీధుల్లో పిల్లల్ని ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలని రాసిన అట్ట విప్పి చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కత్తిరించారు. ఒక్క అబద్ధం కూడా చేర్చనక్కర్లేకుండా పని జరిగిపోయింది.

ఆ వారంలోనే మన వీధిలోకి వెంట్రుకలు కొనేవాడు వచ్చాడు. చిక్కు వెంట్రుకలిస్తే స్టీలు గిన్నెలిస్తాడే, ఆయన. వేపచెట్టు దగ్గర పాతికమంది చుట్టుముట్టారు. “ఏ ఊరు? ఆధార్ చూపియ్యి. మూటలో ఏముంది?” ఆయన సగం హిందీ, సగం తెలుగు. భయానికి ఆ సగం తెలుగూ పోయింది. ఎవడో చెంప మీద ఒకటి కొట్టాడు. మూట విప్పి కుమ్మరిస్తే గిన్నెలు, బుడగల పొట్లాలు, వెంట్రుకల ఉండలు. అయినా ఎవరూ కదలరు. అప్పుడు ఎదురింటి అవ్వ ఒక గిన్నె పట్టుకొని వచ్చింది. “ఈయన నా బిడ్డ పెండ్లి కాకముందు నుంచి వస్తుండు. ఈ గిన్నె ఈయన ఇచ్చిందే. కొడితే నన్ను కొట్టుండ్రి” అంది. గుంపు పలచబడింది.

నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నోరు ఆ పూట పెగల్లేదు. గిన్నె మూత ఒకటి దొర్లుకుంటూ నా చెప్పుల దగ్గరకు వస్తే తీసి ఇచ్చాను. “మెహర్బానీ సాబ్” అన్నాడు. ఎవరికి చెప్పాడో చూడు.

అందరికీ అలాంటి అవ్వ దొరకలేదు. అదే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ను ఇదే పుకారుతో గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో, సంతకు వచ్చిన ఐదుగుర్ని పంచాయతీ ఆఫీసు గదిలో వేసి చంపారు. వాళ్లు ఊరూరూ తిరిగి భిక్షమెత్తుకునే గోసావి కులంవాళ్లు. పన్నెండు రోజులకు కర్ణాటక బీదర్ జిల్లాలో మన హైదరాబాద్ కుర్రాడు ఇలాగే గుంపు చేతిలో చనిపోయాడు. వాళ్ల కారులోవాళ్లు బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు, అదే తప్పయింది.

నువ్వు గమనించావా? ఎవరు దొరికారో చూడు. సంచారం చేసేవాళ్లు, మన భాష రానివాళ్లు, మనలా కనిపించనివాళ్లు. ద్వేష నేరమంటే ఇదేరా. ఏం చేశాడని కాకుండా, ఎవరివాడని కొట్టడం. దెబ్బ ఒకడికి తగులుతుంది, మర్నాటి నుంచి అలాంటి వాళ్లందరికీ వీధిలోకి రావాలంటే భయం. కొట్టినవాళ్లలో చాలామంది ఇంటి దగ్గర మంచివాళ్లే అయి ఉంటారు. “పిల్లలు జాగ్రత్త” అన్న మాటతోనే కదా నేనూ పంపాను.

మన గద్వాల జిల్లాలో ప్రాణాలు పోకపోవడానికి ఒక కారణం ఉంది. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు. ఎండాకాలంలో ఆరుబయట మంచాలేసుకునే జనం తలుపులు బిగించుకుని లోపల ఉక్కపోతలో పడుకుంటున్నారని కానిస్టేబుళ్లు ఆమెకు చెప్పారు. ఏదో భయం పట్టుకుందని ఆమెకు అర్థమైంది. ఊరికో పోలీసును పెట్టి, డప్పులతో, పాటలతో ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఫోన్‌లో వచ్చిన దానికి డప్పు మందు!

వాట్సాప్ వాళ్లు కూడా ఆ జూలైలోనే మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్‌లకు తగ్గించారు. చాలాసార్లు చేతులు మారినదానికి ఇప్పుడు రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది, నువ్వు పంపినదానికీ ఉంది. చట్టమూ ఉంది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, జాతి, కులం, భాష, పుట్టిన చోటు, నమ్మకం లాంటివి చూసి ఐదుగురో అంతకు మించో కలిసి చంపితే మరణశిక్షో యావజ్జీవమో అని రాసి ఉంది. అయితే చట్టం వచ్చేది అంతా అయ్యాకే. కళ్లెదుట గుంపు కమ్ముకుంటే వీడియో తీస్తూ నిలబడకుండా 112కి కొట్టు. చిన్నవాళ్లు మధ్యలోకి దూరక్కర్లేదు, పెద్దవాళ్లను పిలిస్తే చాలు.

ఇక నీ వీడియో. అందులో ఊరు లేదు, తేదీ లేదు, ముందేం జరిగిందో లేదు. నిజంగానే ఒకడు ఆ వెధవ పని చేశాడే అనుకుందాం. వాడొక్కడు “వాళ్లు” ఎప్పుడయ్యాడు? బస్టాండ్ మూల జామకాయల మామ లెక్కకు మించి ఒక కాయ వేసి, ఉప్పూకారం నీకిష్టమని ఎక్కువ అద్దుతాడే, ఆయన కూడా నీ మెసేజ్‌లో ఉన్నాడు. పేరు రాయలేదు కానీ ఉన్నాడు.

దాన్ని తీసేసి ఊరుకోకు. పెట్టిన చోటే “తప్పు పంపాను” అని రాయి. పెదనాన్న ఏమన్నా అంటే ఆయనతో నేను మాట్లాడతాను. నేను ఆ ఏడు గ్రూపుల్లో ఒక్కదానిలోనూ ఆ మాట రాయలేదు.

ఈ ఉత్తరం ఫోటో తీసి మీ దోస్తులకు పంపుతానంటే పంపు. వెనక పేజీ కూడా తియ్యి మరి.

ఇట్లు
మీ తాత