చెక్క కెమెరా మూలకు చేరిన కథ

వరంగల్, హన్మకొండల్లో పాత ఫోటో స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. సామాను తీసేసే రోజున మూడు కాళ్ల స్టాండు మీది చెక్క కెమెరాను పాత వస్తువుల వ్యాపారి కొనుక్కుపోతాడు. తర్వాత అది ఏ హోటల్లోనో, పెళ్లి డెకరేషన్‌లోనో కనిపిస్తుంది. చెడిపోయింది కాబట్టే అమ్మేశారని చాలామంది అనుకుంటారు. నేను చూసినవాటిలో చాలావరకు చెడిపోలేదు. నల్లగుడ్డ కప్పుకుని వెనక గరుకు అద్దంలోకి చూస్తే, బొమ్మ తలకిందులుగా, ఇప్పటికీ నిక్కచ్చిగా పడుతోంది. మరి ఎందుకు మూలన పడ్డట్టు?

ఇవన్నీ ఇంగ్లండ్ నుంచి వచ్చినవే అన్న నమ్మకం ఒకటుంది. అన్నీ కావు. కేరళలోని అలప్పుళలో హార్మోనియంలు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. 1940లలో ఒక ఫోటోగ్రాఫర్ తన విదేశీ కెమెరా తిత్తి చిరిగిపోతే అక్కడికి తెచ్చాడు. హార్మోనియానికీ తిత్తే ప్రాణం కదా! దుకాణదారు కొడుకు కరుణాకరన్ ఆ తిత్తిని బాగుచేశాడు. అంతటితో ఆగకుండా సొంతంగా ఒక కెమెరానే తయారుచేశాడు. అదే 'వాగీశ్వరి'. టేకు చెక్క, ఇత్తడి బిగింపులు, తోలు తిత్తి అన్నీ అక్కడే చేసేవారు, లెన్సు మాత్రం విదేశాలది. మొదట్లో ధర 250 రూపాయలు. 1980ల దాకా ఆ కెమెరాలు తయారయ్యాయి, దేశంలో చాలాచోట్లకు వెళ్లాయి.

ఈ కథలో నన్ను కట్టిపడేసేది ఆ పనితనం. టేకు, ఇత్తడి, తోలు మన చేతులకు కొత్తవా? ఆదిలాబాద్ టేకు మనదే, పెంబర్తి ఇత్తడి పని మనదే, కొలిమి తిత్తి తెలియని ఊరు లేదు. చెక్క కెమెరాలో బాగుచేయలేని భాగమంటూ దాదాపు లేదు. కాలు విరిగితే వడ్రంగి, తిత్తికి చిల్లు పడితే తోలు పని తెలిసినవాడు చాలు. వెలుతురును రెప్పపాటు లోపలికి వదిలే షట్టర్ కూడా అక్కర్లేదు. లెన్సు మూత తీసి, లోపల లెక్కపెట్టుకుని, మళ్లీ పెట్టేస్తే ఫోటో అయిపోయినట్టే. అంతసేపూ ఫోటో దిగేవాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చునేవారు.

వరంగల్‌లో 1934లో మొదలైన అజంజాహి బట్టల మిల్లు కార్మికుల ఇళ్లలో, పాత బడుల హెడ్మాస్టర్ గదుల్లో వేలాడే గ్రూప్ ఫోటోలను ఒకసారి దగ్గరగా చూడండి. వెనక వరుసలో చివర నిలబడ్డ మనిషి మీసం కూడా స్పష్టంగా ఉంటుంది. నెగెటివ్ ఎంత ఉంటే ఫోటో అంతే, సాగదీయడం లేదు. ముఖం మీది మచ్చలను నెగెటివ్ మీదే సన్నని పెన్సిల్‌తో సరిచేసే రీటచింగ్ వేరే విద్య. ఆ చేతి నేర్పు గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి.

ఇక్కడే చిక్కు ఉంది. పెట్టెను చిన్న దుకాణంలో చేయవచ్చు కానీ, అందులో పెట్టే గాజు ప్లేటు, ఫిల్ము అలా కావు. వెండి లవణాలు కలిపిన జిగురును దుమ్ము లేని చీకటి గదిలో ఒకే మందంలో పూయాలి. అది పెద్ద ఫ్యాక్టరీ పని. చల్లని, శుభ్రమైన గాలి కోసం ఊటీని ఎంచుకుని కేంద్ర ప్రభుత్వం 1960లో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ పెట్టింది. 1967లో ఉత్పత్తి మొదలైంది. మన స్టూడియోల్లో 'ఇందు' పేరుతో దొరికిన బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము, కాగితం అక్కడివే. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ లాంటి చిన్న కెమెరాలు రోల్ ఫిల్ముతో ఇళ్లలోకి వచ్చాయి. స్టూడియోలు కూడా రోల్ వైపే మళ్లాయి. ఒక్కో ప్లేటు ఎక్కించే కెమెరాకు మేత తగ్గడం అప్పుడే మొదలైంది.

తర్వాత కలర్ వచ్చింది, నెగెటివ్‌లు కలర్ ల్యాబ్‌లకు పోవడం మొదలైంది. 1991 తర్వాత దిగుమతి సుంకాలు తగ్గాయి, ఎక్స్‌రే ఫిల్ము ప్రాజెక్టు కోసం చేసిన అప్పులు ఊటీ సంస్థ మెడకు చుట్టుకున్నాయి. 1996లో దాన్ని ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. డిజిటల్ వచ్చేనాటికే మన చెక్క కెమెరా పస్తులుంది.

అందుకే అమ్మకానికి పెట్టేముందు ఒక పని చేయమని స్టూడియోల వాళ్లను అడుగుతున్నాను. ఇత్తడి రేకు మీద పేరుంటే రాసిపెట్టుకోండి. ప్లేటు పెట్టే చోట, ఎర్ర లైటు కిందే, బ్లాక్ అండ్ వైట్ ఫోటో కాగితం ముక్క పెట్టి, వెలుతురున్న నీడలో ఇంట్లో పెద్దావిడను కూర్చోబెట్టి, రెండు మూడు సెకన్లు మూత తీయండి. మళ్లీ ఎర్ర లైటు కింద, బొమ్మను తేల్చే డెవలపర్ రసాయనంలో వేస్తే కాగితం మీద నెగెటివ్ తేలుతుంది. బొమ్మను నిలబెట్టే హైపో రసాయనంలో ఉంచి, నీళ్లలో కడిగి, ఆరబెట్టి, ఇంకో ఫోటో కాగితానికి ఆనించి కాసేపు వెలుతురు చూపించి, దాన్నీ అలాగే డెవలపర్‌లో, హైపోలో వేస్తే ఆమె ఫోటో వస్తుంది.