గాలం విప్పే ముందు నీళ్ళు చూడండి

ప్రియమైన పిల్లలకు,

మీ తాతయ్య ఆశీస్సులు. ఒడ్డున నిలబడి సముద్రంలో గాలం వేయడం నేర్చుకుంటామని, ముందు ఏ కర్ర కొనాలో చెప్పమని రాశారు. కర్ర సంగతి తర్వాత చెబుతాను. ముందు చోటు, ఆ తర్వాత ఎర, ఆ తర్వాతే సామాను. ఈ వరస తిరగబడితే ఎంత మంచి రీలు (దారం చుట్టే చక్రం) చేతిలో ఉన్నా ఖాళీ బుట్టతోనే ఇంటికి రావాలి.

ఇసుక ఒడ్డుకు వెళ్ళగానే గాలం విప్పకండి. కాస్త ఎత్తు మీద ఒక పావుగంట కూర్చుని కెరటాలు ఎక్కడ విరుగుతున్నాయో చూడండి. తెల్లగా నురగతో విరిగే చోట కింద ఇసుక తిన్నె ఉంటుంది, లోతు తక్కువ. ఆ తిన్నె దాటాక కెరటం కాస్త సద్దుమణిగి, ఒడ్డు దగ్గర మళ్ళీ విరుగుతుంది. ఆ రెండు నురగల మధ్య నీళ్ళు కొంచెం ముదురు రంగులో, నిదానంగా కనిపిస్తాయే, అది పల్లం. కెరటాలు ఇసుకను తిరగేసినప్పుడు బయటపడే పురుగులు, చిన్న ఎండ్రకాయలు అందులోకి కొట్టుకొస్తాయి. వాటికోసమే చేపలొస్తాయి. చాలాచోట్ల ఈ పల్లం మీ కాళ్ళకు 20, 30 మీటర్లలోనే ఉంటుంది. మొదట్లో నేను ఎంత దూరం విసిరితే అంత పెద్ద చేప పడుతుందని నమ్మి, భుజాలు లాగేసేదాకా విసిరేవాణ్ణి. చేపలు నా ముందే తిరుగుతున్నాయని తెలిసేసరికి చాలా రోజులు పట్టింది. మీరు అన్ని రోజులు పోగొట్టుకోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకా తేలిక దారి ఒకటుంది. బాగా ఆటు మీద, నీళ్ళు వెనక్కి పోయినప్పుడు వెళ్ళి ఒడ్డంతా నడవండి. గుంతలు, కాలవలు, రాళ్ళు బయటపడి కనిపిస్తాయి. ఒడ్డున ఉన్న చెట్టో స్తంభమో గుర్తు పెట్టుకుని, పోటు ఎక్కేటప్పుడు అదే చోటికి రండి. చాలా తీరాల్లో ఆటుకూ పోటుకూ మధ్య సుమారు 6 గంటలు, రోజురోజుకీ ఆ వేళ ఓ 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు ఎక్కువగా ఎక్కి, ఎక్కువగా తీస్తాయి. పోటు ఎక్కే వేళ తెల్లవారుజాముతోనో మునిమాపుతోనో కలిస్తే నేనైతే ఇంట్లో కూర్చోను.

తిన్నె తెగిన సందులో కెరటాలు విరగవు, నీళ్ళు లోపలికి లాగుతాయి. చేపలకు అది రహదారి. అక్కడ మీ ఎర దిగాలి గానీ మీరు దిగకూడదు. ఎప్పుడైనా ఆ లాగుడులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది లాగుడు తగ్గాక బయటికి రండి.

ఎరకి సూత్రం ఒకటే: ఆ చోట చేప రోజూ తినేదే పెట్టండి. ఆ ఇసుకలో దొరికే పురుగు, ఎండ్రకాయ, రొయ్య అన్నింటికన్నా మేలు. రొయ్యకి తోక రెక్క తుంచేసి, అక్కడినుంచి గాలాన్ని లోపలికి పోనిచ్చి, ఒంపు వెంబడి జరుపుతూ కడుపు వైపు మొన బయటికి తీయండి. మొన కనబడాలి. ఎరలో మొన దాగిపోతే చేప కొరికి వదిలేస్తుంది. కవ్వల (సార్డిన్ చేపల) ముక్కలు వాసనకి బాగా పనిచేస్తాయి గానీ మెత్తన, విసురులోనే ఊడిపోతాయి. సన్నటి సాగే దారం నాలుగు చుట్లు చుట్టండి. స్క్విడ్ ముక్క గట్టిది, చిన్న చేపలు పీకుతున్నా నిలుస్తుంది.

ఇక సామాను. ఇసుక ఒడ్డుకి 10 నుంచి 12 అడుగుల కర్ర, ఉప్పునీటికి తట్టుకునే స్పిన్నింగ్ రీలు చాలు. ఎర నీళ్ళలో దిగడానికి దారానికి బరువు కట్టాలి. ఇసుకలో పిరమిడ్ ఆకారపు బరువు పాతుకుని నిలబడుతుంది, గుండ్రటిది దొర్లిపోతుంది. బరువు విసిరేటప్పుడు సన్న దారం తెగితే ఆ ముద్ద రాయిలా ఎగిరి పక్కవాళ్ళకు తగులుతుంది. అందుకే దారం చివర లీడర్ అనే మందపాటి దారం ముక్క కట్టాలి, విసిరే ముందు అది రీలు మీద నాలుగైదు చుట్లు ఉండాలి. ఒక ఔన్సు బరువుకి 10 పౌండ్ల బలం లెక్క, 4 ఔన్సులైతే 40 పౌండ్ల లీడర్. ఇందులో పొదుపు వద్దు. గాలాల్లో సర్కిల్ హుక్, అంటే మొన లోపలికి వంగిన గుండ్రటి గాలం, వాడండి. చేప లాగగానే కర్ర విదిలించకుండా నిదానంగా చుడితే, చాలావరకు పెదవి మూలనే పడుతుంది, గొంతులోకి పోదు.

రాళ్ళ మీద వేసేటప్పుడు బరువును అసలు దారం కన్నా బలహీనమైన దారంతో కట్టండి. ఇరుక్కుంటే బరువు ఒక్కటే పోతుంది. తడిసి ఉన్న రాయంటే కెరటం అక్కడిదాకా వస్తోందని అర్థం. పొడిగా ఉన్న రాయి మీదే నిలబడండి, సముద్రానికి వీపు పెట్టకండి, ఒంటరిగా అసలు వెళ్ళకండి.

జెల్ల పడితే వీపు మీదా పక్కనా ఉన్న ముళ్ళు చూసి, చేత్తో కాకుండా పటకారుతో గాలం తీయండి. టేకు చేప (తోకలో ముల్లుండే స్టింగ్‌రే) పడితే తోక జోలికి పోకుండా దారం కోసేయండి. చిన్న చేపని వదిలేటప్పుడు ముందు చేతులు తడుపుకోండి. పొడి చేయి తగిలితే ఒంటిమీది జిగురు పొర ఊడిపోతుంది. నీళ్ళలో రెండు చేతులతో మెత్తగా పట్టుకుని ఉంచండి, కాసేపటికి అదే తోక కొట్టి జారిపోతుంది.

మీ తాతయ్య