భర్త అప్పు, భార్య భూమి

ప్రోనోటు మీద భర్త సంతకం అయ్యాక, అప్పిచ్చే ఆసామి కాగితాన్ని వెంటనే మడవడు. "అమ్మాయిగారి చేత కూడా ఒక సంతకం పెట్టించండి" అంటాడు. అది మర్యాద కోసం కాదు. ఆమె సంతకం లేకుంటే ఆమె సొంత ఆస్తి జోలికి పోలేనని అతనికి తెలుసు. పెళ్లయినంత మాత్రాన దంపతుల ఆస్తులూ అప్పులూ కలిసిపోవడం మన హిందూ చట్టంలో ఎన్నడూ లేదు.

భర్త చేసిన అప్పు భార్య తీర్చనక్కరలేదని యాజ్ఞవల్క్య స్మృతే చెప్పింది. కుటుంబం కోసం చేసినదైతే తప్ప, ఆమె అప్పు అతనికీ అంటదు. అయితే పశువుల కాపరులు, మద్యం అమ్మేవారు, నటులు, బట్టలుతికేవారు, వేటగాళ్ల ఇళ్లలో మాత్రం భార్య చేసిన అప్పు భర్తే తీర్చాలి. వాళ్ల జీవనం ఆ స్త్రీల మీదే ఆధారపడింది కనుక అట! ఇల్లు ఎవరి కష్టంతో నడుస్తోందో స్మృతికారుడికి బాగానే తెలుసు. తండ్రి అప్పు మాత్రం కొడుకు మెడకు చుట్టుకునేది. ఆ ముడిని చట్టం విప్పింది 2005లోనే.

ఆస్తి దగ్గరకు వచ్చేసరికి లెక్క మారుతుంది. స్త్రీధనం, అంటే పెళ్లిలోనూ ఆ తర్వాతా ఆమెకు కానుకగా వచ్చిన సొత్తు, ఆమెదే అన్నారు కానీ, కరవు, జబ్బు, ధర్మకార్యం, నిర్బంధం వంటి వేళల్లో భర్త దాన్ని వాడుకుంటే తిరిగివ్వనక్కరలేదన్నారు. భర్త నుంచి సంక్రమించిన భూమి బతికున్నన్నాళ్లు అనుభవించడానికే. 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వితంతువుకు వాటా ఇచ్చినా ఈ షరతును కదపలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌తో దాన్ని తీసేసింది. నిజంగా తీసేసిందా అన్నది నెల్లూరు కోర్టులో మొదలైన ఒక దావాతో గాని తేలలేదు.

ఉమ్మడి కుటుంబంలో ఉండగానే తులసమ్మ భర్త 1931లో చనిపోయాడు. మనోవర్తి, అంటే పోషణ ఖర్చు, కోసం ఆమె 1944లో కోర్టుకెక్కింది. 1949లో రాజీ కుదిరి, భర్త సవతి సోదరుడు కొంత ఆస్తి ఇచ్చాడు, జీవితకాలానికి మాత్రమే. 1961లో ఆమె అందులో కొంత అమ్మడంతో, ఆ హక్కు నీకు లేదంటూ అతను దావా వేశాడు. హైకోర్టు అతని మాటే నిలబెట్టింది. సుప్రీంకోర్టు 1977 మార్చి 17న దాన్ని తోసిపుచ్చింది. మనోవర్తి ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, అంతకుముందే ఆమెకున్న హక్కు. దానికి బదులుగా వచ్చిన భూమి ఆమె సొంతం, రాజీపత్రంలో ఏమి రాసుకున్నా సరే అంది.

అయినా భర్త పేరున కొన్న ఇంట్లో, విడాకులప్పుడు భార్యకు దానంతటదే వాటా రాదు. భరణం అడగాలి. గోవాలో అలా కాదు. పోర్చుగీసువారి 1867 నాటి సివిల్ కోడ్ వారసత్వంగా, వేరే ఒప్పందం లేకుంటే పెళ్లితోనే ఆస్తి ఇద్దరిదీ అవుతుంది.

ఆమె సొత్తు ఆమెదే అన్న గీత పుట్టింటివారికీ వర్తిస్తుంది. విడాకులు తీసుకున్న కూతురి నగలను తిరిగి ఇప్పించమని తెలంగాణకు చెందిన ఒక తండ్రి ఆమె అత్తమామల మీద కేసు పెట్టాడు. ఆమె అధికారం ఇవ్వనిదే తండ్రికి కూడా వాటిని అడిగే హక్కు లేదని 2024లో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది.