అపర్ణ పేరు: అపోహలు - వాస్తవాలు

సంస్కృతం పాఠాలు చెప్తుంటాను కాబట్టి, పాపకు పేరు ఖాయం చేసే ముందు అర్థం చెప్పమని చాలామంది అడుగుతారు. ఎక్కువ టెన్షన్ పడేది "అపర్ణ" దగ్గరే. ఉత్తి భయంతో ఇంత మంచి పేరును వదులుకుంటుంటే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: అపర్ణ అంటే ఆకుల్లేనిది, అంటే మోడు. ఆడపిల్లకు అశుభం.

వాస్తవం: విడదీస్తే అ + పర్ణ, ఆకులు లేనిదనే వస్తుంది. పర్ణశాలలోని పర్ణమే ఇది. కానీ ఇక్కడ మాట చెట్టు గురించి కాదు, తిండి గురించి. కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలో పార్వతి శివుడి కోసం తపస్సు చేస్తుంది. వాటంతట అవే రాలిన ఆకులు తిని బతకడమే తపస్సుకు పరాకాష్ఠ. ఆమె వాటినీ మానేసింది, అందుకే అపర్ణ అయింది. అదే కావ్యం మొదటి సర్గలో "ఉమ"కూ వివరణ ఉంది. "ఉ, మా", అంటే "అమ్మాయీ, వద్దు" అని తల్లి వారించింది కాబట్టి ఉమ. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి తల్లి వద్దన్న మాట, ఇంకొకటి కూతురు చేసి చూపించిన పని. హరివంశంలోనైతే అపర్ణకు ఏకపర్ణ అనే చెల్లెలు కూడా ఉంది, ఆమె ఒక్క ఆకుతో సరిపెట్టుకుంది.

అపోహ: "అ"తో లేదని చెప్పే పేరు పెడితే జీవితంలో లేమి వస్తుంది.

వాస్తవం: అమల అంటే మలినం లేనిది, అనఘ అంటే పాపం లేనిది. ఏది లేదన్నారో చూడాలి కదా!

అపోహ: ఇది ఈమధ్య పుట్టిన ఫ్యాషన్ పేరు.

వాస్తవం: "అపర్ణా పార్వతీ దుర్గా" అని ప్రాచీన సంస్కృత నిఘంటువు అమరకోశంలోనే ఉంది. లలితా సహస్రనామంలోనూ ఉంది.

అపోహ: అపర్ణ అంటే అప్పు లేనిది.

వాస్తవం: దీన్ని పూర్తిగా కొట్టెయ్యలేను. అప + ఋణ కలిస్తే గుణసంధితో అపర్ణ అవుతుంది. లలితా సహస్రనామ వ్యాఖ్యానంలో భాస్కరరాయలు ఈ అర్థం కూడా చెప్పారు. పేరు పుట్టింది మాత్రం ఆకుల కథ నుంచే అని నా అభిప్రాయం.

రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త: "అపర్న" కాదు, "అపర్ణ". కర్ణంలో, వర్ణంలో పలికే ణ ఇక్కడా పలకాలి.