బిషప్పు కుర్చీ ఉన్న గుడి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కోల్‌కతా నుంచి మీరు పంపిన ఫొటోలు అందాయి. విక్టోరియా మెమోరియల్‌కు కూతవేటు దూరంలో ఉన్న సెయింట్ పాల్స్ ఆలయం ముందు నిలబడి మీరు రెండు ప్రశ్నలు రాశారు. పెద్ద చర్చి కాబట్టే దీన్ని కేథడ్రల్ అంటారా అన్నది మొదటిది. పాత బొమ్మల్లో సూదిలా కనిపించే శిఖరం ఇప్పుడు ఎందుకు లేదన్నది రెండోది.

కేథడ్రల్ అనిపించుకోవడానికి పరిమాణంతో పని లేదు. గ్రీకు భాషలో కథెడ్రా అంటే ఆసనం. ఒక ప్రాంతంలోని చర్చిలన్నిటి బాధ్యత మోసే బిషప్పు కూర్చునే ఆసనం ఏ ఆలయంలో ఉంటుందో అదే ఆ ప్రాంతానికి కేథడ్రల్. మనం పీఠం, పీఠాధిపతి అంటామే, ఇంచుమించు అదే అర్థం. ఆ కుర్చీ ఉంటే చిన్న ఆలయమైనా కేథడ్రలే. అది లేకపోతే ఎంత ఎత్తు గోపురం కట్టినా చర్చి మాత్రమే.

కలకత్తాలో భవనం కంటే కుర్చీయే ముందు వచ్చింది. ఇంగ్లండు దేశపు చర్చి, అంటే ఆంగ్లికన్ చర్చి, 1814లో థామస్ మిడిల్టన్‌ను కలకత్తాకు తొలి బిషప్పుగా నియమించింది. కేథడ్రల్ అంటూ వేరే కట్టడం లేనందువల్ల 1787 నాటి సెయింట్ జాన్స్ చర్చినే అందుకు వాడుకున్నారు. ఆ చర్చికి స్థలం దానం చేసినవాడు శోభాబజార్ జమీందారు మహారాజా నవకృష్ణ దేవ్ అనే హిందువు. ఇక ఆ బిషప్పు అధికార పరిధి వింటే మీరు నవ్వుతారు. కంపెనీ పాలనలో ఉన్న భారతదేశమంతా ఆయనదే కాక, 1824 నుంచి ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ కూడా కలకత్తా కిందికే వచ్చింది. తెరచాప ఓడల కాలంలో ఒక్క మనిషి చేత ఇంత భారం మోయించాలనుకోవడం నాకు తెలివైన పనిగా తోచదు. రెండో బిషప్పు రెజినాల్డ్ హీబర్ పర్యటనలోనే, 1826లో, తిరుచిరాపల్లిలో కన్నుమూశాడు. మీరు లోపల చూసిన, మోకాళ్లపై నిలిచిన పాలరాతి మనిషి ఆయనే. తరువాతి కాలంలో మద్రాసుకు 1835లోనూ, బొంబాయికి 1837లోనూ వేరే బిషప్పులను ఇచ్చి ఆ బరువును తగ్గించారు.

ఇప్పటి కేథడ్రల్ కట్టించినవాడు బిషప్ డేనియల్ విల్సన్. 1839లో పునాది పడింది. 1847లో ఆలయాన్ని ప్రతిష్ఠించారు. నమూనా గీసిన మేజర్ విలియం ఫోర్బ్స్ సైన్యంలో ఇంజనీరు, కలకత్తా టంకశాల భవనమూ ఆయన రూపకల్పనే. విల్సన్ 1858లో చనిపోతే తాను కట్టించిన ఆ కేథడ్రల్‌లోనే ఆయనను సమాధి చేశారు.

ఇప్పుడు శిఖరం సంగతి. 1897 జూన్ నాటి అస్సాం భూకంపానికి అది దెబ్బతింది. బాగుచేసి మళ్లీ నిలబెట్టారు. 1934 జనవరిలో బిహార్‌ను కుదిపేసిన భూకంపానికి మళ్లీ కూలింది. ఈసారి సూది మొనను పక్కన పెట్టి, ఆంగ్లికన్లకు తల్లి వంటి కాంటర్‌బరీ కేథడ్రల్‌లోని బెల్ హారీ గోపురాన్ని నమూనాగా తీసుకుని ఇప్పుడు మీరు చూసిన చదరపు గోపురాన్ని కట్టారు.

మీరు ఉదయం పూట వెళ్లారు కనుక ఒకటి సరిగా చూసి ఉండరు. పడమటి గోడలోని పెద్ద రంగుటద్దాల కిటికీని ఇంగ్లండు చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ రూపొందించాడు. 1872లో అండమాన్‌లో ఒక ఖైదీ చేతిలో హతుడైన వైస్రాయి లార్డ్ మేయో జ్ఞాపకార్థం 1880లో దాన్ని అమర్చారు. పొద్దు వాలుతూ ఎండ ఏటవాలుగా దాని మీద పడే వేళకు వెళ్లాలి. రంగులు అప్పుడే మేలుకుంటాయి. గోడల నిండా ఉన్న శిలాఫలకాలు మాత్రం ఏ వేళకైనా చదవవచ్చు. ఎక్కువగా ఆంగ్ల అధికారులు, సైనికుల పేర్లే కనిపిస్తాయి. ఆ ఆలయాన్ని మొదట ఎవరు ఎవరి కోసం కట్టుకున్నారో వేరే చెప్పనక్కరలేదు.

అయితే అక్కడే, 1912 డిసెంబరు 29న, వేదనాయగం శామ్యూల్ అజరయ్య అనే తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడిని బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. ఆయనకు అప్పగించినది నిజాం రాజ్యంలోని దోర్నకల్, అంటే మన తెలుగు నేల. ఆయన తెలుగు నేర్చుకుని, పల్లెల్లో అంటరానివారిగా బతుకుతున్న బీదల మధ్య ముప్పై రెండేళ్లు పనిచేశాడు. దోర్నకల్‌లో కట్టించి 1939లో ప్రతిష్ఠించిన కేథడ్రల్‌లో కలకత్తాలో ఉన్నట్టు గోతిక్ అనే ఐరోపా కట్టడ పద్ధతి కాక, మన గుళ్ల స్తంభాలు, మసీదుల గుమ్మటాలు కలిసి కనిపిస్తాయి. నా మటుకు నాకు అదే ఎక్కువ అందంగా ఉంటుంది.

తరువాత దక్షిణాదిన 1947 సెప్టెంబరులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొన్ని శాఖలవారు ఏకమై దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. కలకత్తా కేథడ్రల్ 1970లో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘంలో చేరింది. నేటికీ కోల్‌కతా బిషప్పు ఆసనం అక్కడే ఉంది. క్రిస్మస్ ముందు రాత్రి ఆరాధనకు క్రైస్తవులే కాక అన్ని మతాలవారూ బారులు తీరి వస్తారు.

సెలవులకు ఇంటికి రండి. విజయవాడ, కాజీపేట మార్గంలోనే దోర్నకల్ జంక్షన్ తగులుతుంది. అక్కడ దిగి ఆ స్తంభాలను చూద్దాం. కుర్చీ ఎక్కడుందో మాత్రం మీరే వెతికి నాకు చూపించాలి.

ఇట్లు,
మీ తాతయ్య