ఏడుపు ఆపేసిన పాప

పిల్లల వార్డులో బిడ్డ మంచం పక్కన అమ్మో అమ్మమ్మో ఉండటం మనకు వింతేమీ కాదు. 1940ల నాటి బ్రిటన్‌లో మాత్రం అది కుదిరేది కాదు. చాలా ఆసుపత్రులు కన్నవాళ్లను వారానికి ఏ గంటో రెండు గంటలో రానిచ్చేవి. లండన్‌లో ఒక పెద్ద ఆసుపత్రయితే మొదటి నెలంతా కలవనిచ్చేదే కాదు. రాత్రి 7 నుంచి 8 మధ్య, పిల్లలు నిద్రలో ఉండగా చూసి వెళ్లిపోవాలి.

ఆసుపత్రుల వాళ్లేం రాతిగుండెల వాళ్లు కారు. అంటురోగాల భయం ఒకటి. పైగా అమ్మ వచ్చి వెళ్లినప్పుడల్లా పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవారు, రాకపోతే రెండు మూడు రోజుల్లో ఊరుకునేవారు. హమ్మయ్య, అలవాటు పడ్డారనుకునేవారు నర్సులు. కడుపు నింపేవాళ్లకే బిడ్డ మాలిమి అవుతుందని అప్పటి మనస్తత్వ శాస్త్రం కూడా నమ్మేది. అమెరికాలో మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ 1928లోనే పిల్లల్ని ముద్దాడొద్దు, పొద్దున్నే షేక్‌హ్యాండ్ ఇస్తే చాలని రాశాడు!

ఆ ఊరుకోవడాన్ని అనుమానించినవాడు జేమ్స్ రాబర్ట్‌సన్. 1948లో మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ దగ్గర పనికి చేరి, వార్డుల్లో కూర్చుని పిల్లల్ని గమనించాడు. ముందు ఏడుపు. తర్వాత దిగాలు. చివరికి అమ్మే ఎదురుగా వచ్చినా పట్టనట్టు ఉండటం. బెంగ పెట్టుకుందని మన ఇళ్లలో ఒక్క మాటలో తేల్చేస్తారు గానీ, డాక్టర్లకు రుజువు కావాలి కదా.

1952లో ఆయన సినిమా తీశాడు. చిన్న ఆపరేషన్ కోసం 8 రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల లారా కథ అది. ఏడ్చిన ఘట్టాలే ఏరుకున్నాడని ఎవరూ అనకుండా రోజూ ఒకే వేళకు, గడియారం కనబడేలా చిత్రీకరించాడు. నిజానికి లారా పెద్దగా ఏడవదు. టెడ్డీని హత్తుకుని, అమ్మ కావాలంటూ మధ్యమధ్యలో అడిగి, ఏడుపు దిగమింగుకుంటుంది. చూసేవాళ్లకు కష్టమనిపించేది అదే. డాక్టర్లు, నర్సులు మాత్రం తమ వృత్తికి మచ్చ తెస్తున్నాడని మండిపడ్డారు.

1958లో అమెరికాలో మనస్తత్వవేత్త హ్యారీ హార్లో, కడుపు నింపేవాళ్లకే బిడ్డ మాలిమి అవుతుందన్న వాదాన్నే దెబ్బకొట్టాడు. తల్లికి దూరం చేసిన కోతిపిల్లల దగ్గర తల్లికి బదులు రెండు బొమ్మలు పెట్టాడు, ఒకటి తీగతో, ఒకటి గుడ్డతో చేసినది. పాలసీసా తీగబొమ్మకు ఉన్నా, కోతిపిల్లలు ఎక్కువసేపు మెత్తటి గుడ్డబొమ్మనే కరుచుకుని ఉండేవి. 1959లో బ్రిటన్‌లో ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని, చిన్నపిల్లల తల్లులు అక్కడే ఉండే వీలు కల్పించాలని సిఫారసు చేసింది. కాగితం మీద ఉన్నది వార్డులోకి వెంటనే దిగలేదు. 1961లో లండన్‌లోని బ్యాటర్సీలో కొందరు తల్లులే సంఘం కట్టి, ఆ సిఫారసులు అమలు చేయాలని ఆసుపత్రుల వెంటపడ్డారు.