చిప్పులు రెట్టింపైతే డబ్బూ రెట్టింపవుతుందా?

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోనులో పోకర్ టోర్నమెంటు చూస్తూ, "తాతయ్యా, చేతిలో ఆసూ కింగూ పెట్టుకుని వాడు ఎందుకు పడేశాడు? భయమా?" అని అడిగారు. గారెల హడావుడిలో జవాబు చెప్పలేదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇలాంటి బాకీ ఉంటే నాకు నిద్ర పట్టదు.

మిమ్మల్ని ఆడమని రాయడం లేదు సుమా. డబ్బు పెట్టి ఆన్‌లైన్ పేకాట ఆడటం తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో నిషేధించారు. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. మనకు కావలసింది అందులోని లెక్క.

చిప్పులంటే డబ్బుకు బదులు పందెం కాసే బిళ్లలు. మామూలు పోకర్ బల్ల దగ్గర వంద రూపాయల చిప్పంటే వంద రూపాయలే. లేచి వెళ్లేటప్పుడు మార్చుకుంటారు. టోర్నమెంటులో చిప్పుల్ని మార్చుకోలేరు, ఎన్నో స్థానంలో బయటికి వచ్చారో దాన్ని బట్టే డబ్బు. లాస్ వేగస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో 1977 దాకా డబ్బంతా గెలిచినవాడికే పోయేది. అప్పుడు చిప్పుల్లో సగం నీ దగ్గరుంటే బహుమతిలో సగం నీదే అనుకోవచ్చు. 1978 నుంచి కింది స్థానాలకూ పంచడం మొదలుపెట్టారు. లెక్క వంకర తిరిగింది అక్కడే.

చిన్నా, నలుగురు మిగిలారు, అందులో నువ్వొకడివి అనుకో. తలా 5,000 చిప్పులు. మొదటివాడికి 50 రూపాయలు, రెండోవాడికి 30, మూడోవాడికి 20, నాలుగోవాడికి గుండుసున్నా. అందరూ సమానం కాబట్టి తలా 25 వాటా. ఎదుటివాడు చిప్పులన్నీ ముందుకు తోసి "ఆల్ ఇన్" అన్నాడు. నువ్వు కాల్ చేసి, అంటే వాడి పందేనికి సమానంగా నీవీ పెట్టి, గెలిచావు. ఇప్పుడు నీ దగ్గర 10,000. వాటా 50 అయిందా?

కాలేదు. మొత్తం చిప్పుల్లో సగం నీవి కాబట్టి మొదటి స్థానానికి నీ అవకాశం సగం. వేరేవాడు మొదటివాడైతే, వాడివి తీసేయగా మిగిలిన 15,000లో నీవి 10,000. అంటే ఆ మిగతా సగంలో మూడింట రెండు వంతులు, మొత్తం మీద మూడో వంతు అవకాశం రెండో స్థానానికి. ఇక ఆరో వంతు మూడో స్థానానికి. 25, 10, 3.33 కలిపితే 38.33 రూపాయలు. ఈ పద్ధతిని 1973లో డేవిడ్ హార్విల్ గుర్రప్పందేల కోసం రాశాడు, 1987లో మేసన్ మాల్మత్ పోకర్‌కు తెచ్చాడు.

మరి 50కి తక్కువపడ్డ 11.67 ఏమైంది? కదలకుండా కూర్చున్న ఆ ఇద్దరికీ చెరో 5.83 పోయింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చడమంటే ఇదే!

గెలిస్తే 38.33, ఓడితే సున్నా, పడేస్తే 25. కాబట్టి నూటికి 65 సార్లకు పైగా గెలిచే ముక్కలుంటేనే కాల్ చేయాలి. మామూలు బల్ల మీదైతే 50 చాలు. రంగు కలవని ఆసూ కింగూ రాణుల జత మీద గెలిచేది నూటికి 43 సార్లే.

శాటిలైట్ పోటీల్లో, అంటే డబ్బుకు బదులు పెద్ద పోటీకి ప్రవేశ టికెట్లు ఇచ్చే చిన్న పోటీల్లో, ఇది మరీ విచిత్రం. నలుగురు సమాన చిప్పులతో మిగిలారు, పెద్ద పోటీ టికెట్లు మూడున్నాయి. ఏమీ చేయకపోయినా నీకు ముప్పావు టికెట్ ఉన్నట్టే. గెలిస్తే వచ్చేదీ ఒక్క టికెట్టే. అంటే 75 శాతం కావాలి. ఎదుటివాడు ముక్కలు చూసుకోకుండా తోసినా, ఆసూ కింగూ గెలిచేది 65, 67 సార్లు కాబట్టి పడేయాల్సిందే. పదుల జతకు బొటాబొటిగా 75 వస్తుంది.

ముందుగా తోసినవాడికి ఇంత కష్టం లేదు. అందరూ పడేస్తే ముక్క చూపించకుండానే గెలుస్తాడు. కాల్ చేసినవాడు మాత్రం ముక్కలు చూపించి గెలవాలి. అందుకే చిప్పులు గుట్టగా ఉన్నవాడు ఈ దశలో అందరి మీదా పెత్తనం చేస్తాడు. వాడు ఓడినా బల్ల మీదే ఉంటాడు, మీరైతే ఇంటికే.

మన పేకాటలోనూ ఇలాంటిది ఉంది, మీ నానమ్మనడగండి. స్కోరు 101 చేరితే ఔటయ్యే 101 పూల్ రమ్మీలో స్కోరు పది ఉన్నవాడు చెత్త ముక్కలొస్తే 20 పాయింట్లు నెత్తిన వేసుకుని ఆ ఆట నుంచి డ్రాప్ అయిపోతాడు. 85 ఉన్నవాడు అవే ముక్కలతో ఆడి తీరాలి, డ్రాప్ అంటే వాడికి ఔటే.

అయితే ఈ లెక్కకు బ్లైండ్లు (ముక్కలు చూడకముందే పెట్టాల్సిన తప్పనిసరి పందేలు) ఎంత వేగంగా పెరుగుతున్నాయో తెలియదు, ఎవరు గట్టి ఆటగాడో తెలియదు. పక్కవాడు నాలుగు చిప్పులతో కొనఊపిరి మీదుంటే ఇంకా ఓపిక పట్టాలి. నీ దగ్గర ఎదుటివాడి కంటే బాగా ఎక్కువుంటే 65 అక్కర్లేదు.

అందుకే మీ వీడియోలో వాడిది భయమో కాదో ఇప్పుడే చెప్పలేను. బల్ల మీద ఎంతమంది ఉన్నారు, ఎవరి దగ్గర ఎన్ని చిప్పులు, ఏ స్థానానికి ఎంత డబ్బు, ఇవి ఒక కాగితం మీద రాసి ఫోటో పంపండి.

మీ తాతయ్య